విద్యార్థి భుజముపై బస్తా

చదువుకు బరువు లేదు. ఎంత నేర్చినా అది నేర్చినవాని వీపును వంచదు. చదువు కొరకు వెంట తీసుకొని పోవలసిన సామగ్రికి మాత్రము బరువున్నది. ఆ బరువును ప్రతిదినము ఉదయము, సాయంకాలము మోస్తున్నవారు మన విద్యార్థినీ విద్యార్థులు. కళాశాల వార్షిక సంచికలో విద్యా విధానమును గురించి, మాతృభాషను గురించి, యువత కర్తవ్యమును గురించి వ్యాసాలు వ్రాయుట పరిపాటి. మేమును గత సంవత్సరాలలో అట్టివే వ్రాసినాము. ఈసారి అందరి వీపుల మీద ఉండి ఎవరి ఆలోచనకూ రాని ఒక వస్తువును గురించి వ్రాయదలచినాము. అది ల్యాప్‌టాప్‌ను మోసే సంచి. ‘సంచిపైన కూడ వ్యాసమా!’ అని నవ్వదలచినవారు చివరిదాకా చదివి, తరువాత నవ్వవలసినదిగా మనవి.

మేము బోధించేది తెలుగు. కంప్యూటరు శాస్త్రములో మాకు గల ప్రవేశము స్వల్పము. ఐనప్పటికీ తరగతి గదిలో పాఠము చెప్పేవానికి విద్యార్థుల ముఖాలు ఎట్లా కనిపిస్తాయో, వారి సంచులు కూడ అట్లే కనిపిస్తాయి. ఒకదాని పట్టీ తెగి, పిన్నీసు ఆధారముతో నిలిచి ఉంటుంది. ఒకదాని జిప్పు నోరు తెరచుకొని, ఛార్జరు తీగ వెలుపలికి వ్రేలాడుతూ ఉంటుంది. మరొకటి ఎంత పెద్దదంటే, దానిని మోసే పిల్లవాడు వెనుకనుండి కనిపించనే కనిపించడు. 40 వేలో, 50 వేలో పోసి కొన్న యంత్రము 300 రూపాయల సంచిలో ప్రయాణము చేయుట మనకు సర్వసాధారణమైపోయినది.

మా అభిప్రాయమును ముందే చెబుతాము. ల్యాప్‌టాప్‌ను ఎంత ఆలోచించి కొంటామో, దానిని మోసే సంచిని కూడ అంత ఆలోచించి ఎన్నుకోవలెను. ఆ సంచి ధరను ల్యాప్‌టాప్ ధరలో భాగముగానే లెక్కించుకోవలెను. ఇది విద్యార్థి బాధ్యత. విద్యార్థి ఏమేమి మోస్తున్నాడో చూచి, అందులో అక్కరలేని దానిని తగ్గించుట కళాశాల బాధ్యత. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా రెండవది నిష్ఫలమవుతుంది.

ఉర్దూ, తెలుగు భాషలు ప్రక్కప్రక్కన వినిపించే మన కళాశాలలో ఒక చిన్న మాటను గమనింపవచ్చును. ఉర్దూలో ‘బస్తా’ అంటే పుస్తకాల సంచి. పారసీకములో ‘కట్టుట’ అనే అర్థము గల మాటనుండి ఇది పుట్టినది. గుడ్డలో చుట్టి కట్టిన పుస్తకాల మూట, కాగితాల కట్ట దీని తొలి అర్థము. అదే మాట తెలుగులోనికి వచ్చి ధాన్యపు సంచి అయినది. మిర్యాలగూడలో ‘బస్తా’ అంటే రైసుమిల్లు ముందర లారీనుండి దిగే వడ్ల సంచి తప్ప మరొకటి స్ఫురింపదు. ఒకే ఇంటిలో ఉర్దూ చదివే చెల్లెలి బస్తాలో పుస్తకాలుంటాయి. మిల్లులో పనిచేసే తండ్రి బస్తాలో వడ్లుంటాయి. ఆ వడ్ల బస్తాను మోసేవానికి గల ‘హమాలీ’ అనే పేరు కూడ బరువును తెలిపే అరబ్బీ మాటనుండి వచ్చినదే. భాష ఈ రెండు మోతలను ఒక్క పేరుతో పిలిచినది. మనము మాత్రము తండ్రి మోసేదానిని బరువు అంటున్నాము. బిడ్డ మోసేదానిని బరువుల లెక్కలోనికి తీసుకొనుట లేదు.

బడిపిల్లల సంచిని గురించి దేశము ఆలోచింపలేదని కాదు. ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యునిగా 1989లో చేసిన తొలి ప్రసంగములో పిల్లలు మోసే పుస్తకాల సంచినే ప్రస్తావించినారు. 1992లో ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి, 1993లో తన నివేదికను సమర్పించినది. మన తెలంగాణ ప్రభుత్వము 2017లో తరగతివారీగా సంచి బరువుకు హద్దులు నిర్ణయించినది. 1, 2 తరగతుల పిల్లలకు కిలోన్నర, 10వ తరగతి పిల్లలకు 5 కిలోలు మించరాదని ఆ ఉత్తర్వుల సారాంశము. 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పాఠశాల సంచి విధానము, పిల్లల శరీర బరువులో పదవ వంతుకు మించి సంచి ఉండరాదన్నది. ఈ కొలతలన్నీ పాఠశాల గడపతో ముగుస్తాయి. డిగ్రీలో అడుగుపెట్టిన నాటినుండి విద్యార్థి భుజము ఇనుముతో చేసినదైనట్లు ఎవరూ దాని ఊసెత్తరు. పైగా ల్యాప్‌టాప్ వచ్చి చేరేది సరిగా ఆ వయసులోనే.

ల్యాప్‌టాప్ ఒకప్పటికన్న తేలికైన మాట వాస్తవమే. 1981లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆస్‌బర్న్-1 అనే కంప్యూటరును చేత పట్టుకొని పోదగినదిగా ప్రచారము చేసినారు. దాని బరువు సుమారు 11 కిలోలు! నేటి ల్యాప్‌టాప్‌లు చాలవరకు కిలోంబావు మొదలు రెండున్నర కిలోల లోపల ఉంటున్నవి. యంత్రము చిక్కినది గాని దాని పరివారము పెరిగినది. ఛార్జరు, మౌసు, పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్లు, పెన్ డ్రైవు, సెల్‌ఫోను, దాని ఛార్జరు వేరుగా. రాజుగారి వెంట పరివారము కదలినట్లు ఇవన్నీ వెంట కదులుతాయి.

ఈ లెక్క తేల్చుకొనుటకు మేము ఒకనాడు ఒక విద్యార్థిని సంచిని ఆమె అనుమతితో కళాశాల ఎదుటి కిరాణా దుకాణపు కాటాపై పెట్టి తూచినాము. ల్యాప్‌టాప్ 1.8 కిలోలు, దాని ఛార్జరు 400 గ్రాములు, నిండు నీళ్ల సీసా 1.1 కిలోలు, టిఫిను డబ్బా 600 గ్రాములు, పుస్తకాలు, రికార్డులు 1.3 కిలోలు, పవర్ బ్యాంకు, గొడుగు మొదలైనవి 600 గ్రాములు, వట్టి సంచి 700 గ్రాములు. మొత్తము 6.5 కిలోలు. ఆ అమ్మాయి బరువు 45 కిలోలు. బడిపిల్లలకు చెప్పిన పదవ వంతు న్యాయము ఈమెకు వర్తింపజేస్తే నాలుగున్నర కిలోలకు మించరాదు. రెండు కిలోలు అదనముగా మోస్తున్నదన్న మాట. అందులో ల్యాప్‌టాప్ తరువాత అన్నిటికన్న బరువైనవి పుస్తకాలు, నీళ్లు. ఈ నీళ్ల సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కమిటీవారికి మేము చేయబోయే మనవిలో ఇది మరల వస్తుంది.

ఇక మన త్రోవలను గమనింతము. సూర్యాపేట, కోదాడ పట్టణాలు రెండూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నవి గాని వాటికి రైలు సౌకర్యము లేదు. మిర్యాలగూడకు సికింద్రాబాద్–గుంటూరు రైలు మార్గమున్నా, చుట్టుప్రక్కల గ్రామాలనుండి చదువుకు వచ్చే పిల్లలకు బస్సు, ఆటోలే దిక్కు. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. ఆడపిల్లల చదువుకు ఇది గొప్ప మేలు. బస్సు ఛార్జీల భయముతో చదువు మానిన పిల్లలు తిరిగి తరగతికి వచ్చుట మేము కన్నులారా చూచినాము. అయితే బస్సులలో రద్దీ కూడ పెరిగినది. మునగాలనుండి గాని, నేరేడుచర్లనుండి గాని నిలుచుండి వచ్చే అమ్మాయి వీపుమీది సంచి నలుగురి మధ్య నలుగుతుంది. ల్యాప్‌టాప్ తెర పగులుటకు క్రిందపడనక్కర లేదు. పైనుండి గట్టి ఒత్తిడి తగిలినా చాలును.

రెండేండ్ల క్రితము జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మిర్యాలగూడ వైపునుండి వచ్చే ఒక విద్యార్థినికి ఆమె తండ్రి 22 వేల రూపాయలకు పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనిపెట్టినాడు. ఆయన రైసుమిల్లులో హమాలీ. అందుకు కొంత పైకము మేస్త్రీ వద్ద అప్పుగా తీసుకొన్నాడు. కొన్న దుకాణములో సంచిని ఉచితముగా ఇచ్చినారు. నాలుగు నెలలు గడవకముందే ఒక సాయంకాలము ఆ అమ్మాయి బస్సు దిగుచుండగా సంచి పట్టీ కుట్టు దగ్గర ఊడి, సంచి మెట్టుపై పడినది. ల్యాప్‌టాప్ తెర పగిలినది. మరమ్మతుకు ఆరున్నర వేలు కావలసి వచ్చినది. ఆ పైకము సమకూరుటకు రెండు నెలలు పట్టినది. అవి ప్రాక్టికల్ పరీక్షలకు ముందరి రెండు నెలలు. ఆ అమ్మాయి మధ్యాహ్న భోజన సమయములో స్నేహితురాండ్ర ల్యాప్‌టాప్ అడిగి తీసుకొని, సగము తిని సగము తినక అభ్యాసము చేయుట మేము చూచినాము.

ఫీజు విషయమై ఆ తండ్రి కళాశాలకు వచ్చినప్పుడు మేము సానుభూతితో మాట్లాడినాము. ఆయన తెగిన సంచిని చేతిలోనికి తీసుకొని తిప్పి చూచి అన్న మాటలు మాకు నేటికీ జ్ఞాపకము. “సార్, నేను నలభై కిలోల బస్తా మోస్త. డెబ్బై ఐదు కిలోలది సుత మోసిన. నా బస్తా ఎన్నడు జారలే. అది నా వీపుకు అంటుకొని ఉంటది. ఈ బ్యాగు సూడండి, వీపును ఇడిసి ఎనుకకు గుంజుతది. గుంజే బరువు ఎప్పుడన్న తెగుతది.”

సంచిని గురించి ఇంతకు మించిన శాస్త్రమును మేము ఎక్కడా వినలేదు. బావినుండి నీళ్లు తెచ్చే స్త్రీ బిందెను నడుముకు ఆనించుకొంటుంది గాని చేయి చాచి పట్టుకొనదు. శరీరానికి దగ్గరగా ఉన్న బరువు మనతో నడుస్తుంది. దూరమైన బరువు మనలను తన వైపు లాగుతుంది. లాగిన బరువు మొదట పట్టీ కుట్టును, తరువాత మన మెడను, నడుమును బాధిస్తుంది. ఈ ఒక్క సూత్రము తెలిసినచో సంచిని ఎన్నుకొనుటలో సగము పని పూర్తి అయినట్లే. తక్కిన సగమును క్రమముగా వివరిస్తాము.

మొదటిది కొలత. ల్యాప్‌టాప్‌ను 14 అంగుళాలదనీ, 15.6 అంగుళాలదనీ అంటారు. అది తెర ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కొలత మాత్రమే. యంత్రము పొడవు, వెడల్పులు కావు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లు సాధారణముగా 36 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు ప్రాంతములో ఉంటాయి. ఒకే తెర కొలత గల రెండు యంత్రాలలో ఒకటి పలుచగా, ఒకటి దళసరిగా ఉండవచ్చును. కావున చీటీపై వ్రాసిన అంగుళాలను నమ్ముటకన్న, ఇంటిలోని టేపుతో ల్యాప్‌టాప్ పొడవు, వెడల్పు, మందము కొలిచి కాగితముపై వ్రాసుకొని పోవుట మేలు. ల్యాప్‌టాప్‌నే వెంట తీసుకొని పోయి అందులో పెట్టి చూచుట మరింత మేలు. అర మరీ బిగుతైతే జిప్పు పండ్లు మూలలను గీకుతాయి. మరీ వదులైతే నడచిన ప్రతి అడుగుకూ యంత్రము లోపల ఊగులాడుతుంది.

రెండవది ల్యాప్‌టాప్ ఉండే చోటు. హమాలీ చెప్పిన సూత్రము ప్రకారము అది వీపును ఆనుకొని ఉండే అరలో ఉండవలెను. ముందరి అరలో ల్యాప్‌టాప్, వీపు వైపు టిఫిను డబ్బా ఉండే సంచి ఎంత అందముగా ఉన్నా పనికిరాదు. ఇంకొక రహస్యము: ఆ అర అడుగు భాగము సంచి అడుగును తాకరాదు. ఒకటి రెండు అంగుళాలు పైననే ఆగిపోవలెను. అప్పుడు సంచిని నేలపై ధడాలున దింపినా దెబ్బ సంచి అడుగుకు తగులుతుంది గాని యంత్రానికి తగులదు. దుకాణములో అర లోపలికి చేయి పెట్టి, రెండవ చేతితో సంచి అడుగును వెలుపలినుండి తాకి చూడండి. రెండు చేతుల మధ్య ఖాళీ తెలిసిపోతుంది. పైన చెప్పిన విద్యార్థిని సంచిలో ఈ ఖాళీ లేదు. పట్టీ తెగినా ఈ ఖాళీ ఉన్నచో తెర బ్రతికి ఉండేదేమో!

మూడవది పట్టీలు, కుట్లు. సంచి ప్రాణము గుడ్డలో కంటె కుట్టులో ఉన్నది. పట్టీ సంచికి కలిసే చోట చదరముగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తువలె అడ్డకుట్లు వేసినారా, లేక ఒంటి వరుస కుట్టుతో విడిచినారా అన్నది ముందుగా చూడవలెను. పట్టీ కనీసము మూడు వేళ్ల వెడల్పు ఉండి, లోపలి దూది వంటి పదార్థము నొక్కితే తిరిగి లేవవలెను. సన్నని పట్టీ భుజమును తాడువలె కోస్తుంది. కావడి మోసేవాడు రెండు కుండలు ఎందుకు కట్టుకొంటాడో, సంచికి రెండు పట్టీలు అందుకే ఉన్నవి. మన యువకులు రెండు పట్టీలలో ఒకదానిని అలంకారముగా విడిచి, ఒక్క భుజానికే తగిలించుకొని నడుస్తున్నారు. మేము ఎం.ఏ. చదివిన రోజులలో ఇట్లే నడచినవారము. పండుగకు షేర్వానీ కుట్టించుకొనుటకు పోతే కొలతలు తీసుకొన్న దర్జీ, “ఎడమ భుజం కిందికి ఉన్నది సాబ్, సంచి అటే ఏసుకుంటరా?” అని అడిగినాడు. ఆనాటినుండి మేము రెండు పట్టీలు వేసుకొంటున్నాము. పట్టీలను బిగించుకొనుట కూడ ముఖ్యము. సంచి అడుగు నడుము దిగువకు జారి పిరుదులపై కొట్టుకొనరాదు. బురఖాపైన గాని, దుపట్టాపైన గాని సంచి వేసుకొనే అమ్మాయిలకు నునుపైన గుడ్డపై పట్టీలు జారుతాయి. రొమ్ము పైభాగమున రెండు పట్టీలను కలిపే చిన్న అడ్డుపట్టీ గల సంచి వారికి మిక్కిలి ఉపయోగకరము.

నాల్గవది గుడ్డ, వాన. సంచుల చీటీలపై ‘600 డెనియర్’, ‘1680 డెనియర్’ అని కనిపిస్తుంది. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాముల బరువున్నదో ఆ అంకెనే డెనియర్ అంటారు. అంకె పెరిగినకొద్దీ దారము లావు, గుడ్డ మొరటు, సంచి బరువు కూడ పెరుగుతాయి. కావున పెద్ద అంకెయే మంచి సంచి అనుకొనరాదు. ‘నీరు పట్టదు’ అనే మాటను కూడ కొంచెము పరీక్షింపవలెను. లోపలి వైపు పూత పూసిన గుడ్డ తుంపరను ఆపుతుంది. కాని జడివానలో నీరు సూది రంధ్రాలగుండా, జిప్పు పండ్లగుండా లోపలికి దిగుతుంది. అందువలన సంచి పైన తొడిగే వాన తొడుగు ఉన్నదేమో అడుగవలెను. లేనిచో ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు సంచిలో ఎల్లప్పుడూ ఉంచుకొని, మబ్బు పట్టగానే ల్యాప్‌టాప్‌ను అందులో చుట్టవలెను. మన ప్రాంతములో వాన నాలుగు నెలలైతే ఎండ అంతకంటె ఎక్కువ కాలము. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకుట ఇక్కడ వింత కాదు. నల్లని సంచిని ఎండలో నిలిపిన మోటారు సైకిలుపై విడిచి టీ త్రాగబోవుట, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపకుండ సంచిలో పెట్టి జిప్పు వేయుట, రెండూ బ్యాటరీ ఆయువును తగ్గించే పనులే.

ఐదవది లోపలి అమరిక. ఛార్జరు ఇటుకవంటిది. దానిని ల్యాప్‌టాప్ మూతకు ఎదురుగా పెట్టినచో బస్సు రద్దీలో అదే సమ్మెట అవుతుంది. దానికి ప్రత్యేకమైన అర, వీలైతే సంచి అడుగున, ఉండవలెను. తాళపు చెవులు, నాణేలు పవర్ బ్యాంకు ఉన్న అరలో వేయరాదు. ఈ పవర్ బ్యాంకులలోనూ, ల్యాప్‌టాప్‌లోనూ ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దానిని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. బ్యాటరీ ఎంత ఉపకారియో, నలిగినా ఉబ్బినా అంత అపకారి. ఉబ్బిన బ్యాటరీని మరునాటికి వాయిదా వేయక వెంటనే వాడుట మానవలెను. గల్ఫు దేశాలకో, అమెరికాకో పోయే మన పిల్లలు మరొక సంగతి తెలుసుకొనవలెను. పవర్ బ్యాంకును విమానములో చెక్-ఇన్ పెట్టెలో వేయనివ్వరు. చేతి సంచిలోనే ఉంచుకొనవలెను. 100 వాట్-అవర్ల లోపు వాటికి సాధారణముగా ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 20,000 ఎం.ఏ.హెచ్. అని వ్రాసి ఉన్నది సుమారు 74 వాట్-అవర్లు. ఇక డబ్బు, సెల్‌ఫోను కొరకు వీపును ఆనుకొని ఉండే చిన్న రహస్యపు అర ఉన్నచో బస్టాండు రద్దీలో నిశ్చింతగా ఉండవచ్చును. రద్దీ బస్సు ఎక్కగానే సంచిని వీపునుండి తీసి ముందరికి, రొమ్మునకు హత్తుకొనుట అందరికీ అలవాటు కావలెను. అది సంచికీ రక్షణ, వెనుక నిలుచున్నవారికీ మర్యాద.

ఆరవది పరిమాణము. ఇల్లు పెద్దదైతే సామాను పెరిగినట్లు, సంచి పెద్దదైతే బరువు పెరుగుతుంది. కళాశాలకు వచ్చి పోవుటకు 20 మొదలు 25 లీటర్ల సంచి చాలును. 40 లీటర్లది ప్రయాణాలకు గాని ప్రతిదినానికి కాదు. వట్టి సంచియే కిలో దాటితే దానిని దుకాణములోనే విడిచి రావలెను. సంతలో కుండను తట్టి చూడక కొనే గృహిణి ఉండదు. సంచిని మాత్రము మనము రంగు చూచి కొంటున్నాము. మీ సామగ్రినంతటినీ అందులో పెట్టి, వీపున వేసుకొని, దుకాణములో పది అడుగులు నడచి చూడండి. దుకాణదారుడు విసుగుకొన్నా ఫరవా లేదు. ఆ సంచితో మూడేండ్లు నడువవలసినవారు మీరు, ఆయన కాదు. ఇంటికి తెప్పించుకొనేవారు లోపలి అర కొలతలు సెంటీమీటర్లలో చూచి, నచ్చకుంటే తిరిగి ఇచ్చే గడువు తెలుసుకొని మరీ తెప్పించవలెను. ప్రసిద్ధ కంపెనీ ముద్ర ఒక్కటి చూచి మోసపోరాదు. రహదారి ప్రక్కన వ్రేలాడే సంచులలో పేరు ఒకరిది, కుట్టు మరొకరిది.

మా మాటలకు రెండు ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదుము. “మా కాలములో గుడ్డ సంచితోనే చదివినాము గదా” అనేది పెద్దల ఆక్షేపణ. నిజమే. ఆ గుడ్డ సంచిలో ఉన్నది నాలుగు నోటు పుస్తకాలు. పుస్తకము క్రిందపడితే దులిపి తీసుకొంటాము. తెర పగిలితే దులుపుటకేమీ మిగులదు. “బీద విద్యార్థికి 1,500 రూపాయల సంచి ఎక్కడిది?” అనేది రెండవ ఆక్షేపణ. ఇది గౌరవింపదగినది. మా సమాధానము ఇది. 1,500 రూపాయల సంచి మూడేండ్ల డిగ్రీ చదువులో 600 దినాలు మోసినా దినానికి రెండున్నర రూపాయలు. ఒక కప్పు టీ ధరలో అది చిన్న భాగము. ఆ మాత్రము కూడ వీలు కానివారికి మరొక మార్గమున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో రెక్సిన్ పనివారు, సంచులు కుట్టేవారు ఉన్నారు. ఉచితముగా వచ్చిన సంచినే మొదటి దినము వారి వద్దకు తీసుకొనిపోయి, పట్టీల మొదళ్లలో గట్టి దారముతో రెండవ వరుస కుట్టు వేయించండి. ఇంటిలో అమ్మ కుట్టిన పాత బొంతనుండి, రజాయినుండి ల్యాప్‌టాప్ కొలతకు ఒక దళసరి తొడుగు కుట్టించండి. కొద్దిపాటి ఖర్చుతో 300 రూపాయల సంచి కూడ నమ్మదగినది అవుతుంది. మేము కోరేది ఖరీదైన సంచి కాదు. ఆలోచించి తీసుకొన్న సంచి.

ఇక కళాశాల కమిటీవారికి మా వినయపూర్వకమైన మనవి. మేము పైన చెప్పినదంతా పాటించినా ఆ అమ్మాయి సంచి బరువు 6.5 కిలోలే ఉంటుంది. మంచి సంచి బరువును భరింపదగినదిగా చేస్తుంది గాని తగ్గింపలేదు. తగ్గించుట మన చేతులలో ఉన్నది. కళాశాలలో శుభ్రమైన, చల్లని త్రాగునీరు విశ్వాసపాత్రముగా లభిస్తే పిల్లలు ఇంటినుండి లీటరు నీళ్లు మోసుకొని రారు. ఒక కిలో తగ్గుతుంది. గ్రంథాలయములో తగినన్ని ప్లగ్గులు, అక్కడే ఉండిపోయే నాలుగు ఛార్జర్లు ఉన్నచో ఛార్జరు బరువు తగ్గుతుంది. ప్రాక్టికల్స్‌ను వారములో నిర్ణీతమైన రెండు మూడు దినాలలోనే ఉంచి, కాలపట్టిక ముందుగా ప్రకటిస్తే తక్కిన దినాలలో ల్యాప్‌టాప్ ఇంటిలోనే ఉంటుంది. రికార్డులు, పుస్తకాలు దాచుకొనుటకు తాళము గల అరలు వరండాలో ఏర్పాటు చేస్తే దూరపు గ్రామాల పిల్లలకు ఎంతో ఉపశమనము. వీటిలో ఏదియు ఆకాశమునుండి తేవలసినది కాదు.

మరొక చిన్న సూచన. వార్షికోత్సవములో మన బహుమతి విజేతలకు షీల్డులు, కప్పులు ఇస్తున్నాము. అవి ఇంటిలో అలమారపై దుమ్ము పట్టి ఉంటాయి. వాటికి బదులు, మంచి కుట్టు గల ఒక్కొక్క సంచిని, కళాశాల పేరు కుట్టించి ఇచ్చినచో అది మూడేండ్లు విద్యార్థి వీపున ఉండి ప్రతిదినము మూడు పట్టణాల త్రోవలలో కళాశాల పేరును చెబుతుంది. స్థానిక పనివారిచేతనే వాటిని కుట్టించినచో వారికి కొంత పని దొరుకుతుంది. బహుమతి పొందలేని బీద విద్యార్థులకు కూడ కొన్ని సంచులు గుట్టుగా ఇవ్వవచ్చును. ఇచ్చిన చేయి కనిపింపనక్కర లేదు.

విద్యార్థులారా! మీ ల్యాప్‌టాప్ వెనుక ఎవరి శ్రమ ఉన్నదో మీరు ఎరుగుదురు. కొందరికి అది ఎడారి దేశములోని అన్న పంపిన పైకము, కొందరికి తల్లి కుట్టు మిషను, కొందరికి తండ్రి మోసిన వడ్ల బస్తాలు. ఆ తండ్రి తన బస్తాను జారనివ్వలేదు. మీరును మీ బస్తాను జారనివ్వకండి. పైన చెప్పిన విద్యార్థిని ప్రాక్టికల్ పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. మరుసటి సంవత్సరము ఆమె వీపున క్రొత్త సంచి కనిపించినది. ఎక్కడ కొన్నావమ్మా అని అడిగితే, “నాన్న వచ్చి సూసి కొన్నడు సార్. దుకాణంల పట్టీ పట్టుకొని వ్రేలాడినంత పని చేసిండు” అని నవ్వినది. సంచిని ఎన్నుకొనుటలో అంతకంటె యోగ్యుడైన పరీక్షకుడు మన మూడు పట్టణాలలో మరొకడు ఉండడని మా విశ్వాసము.